కావలి తాంబూలం

పాళెగారు అనే మాటకు అర్థం రాసిమ్మని రాఘవేంద్ర మా ఇంటికి వచ్చిన ఉదయం, ఆంజినమ్మ వసారాలో కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. అతను ఆమెను దాటుకుని లోపలికి వచ్చాడు. ఆమె లేవలేదని గమనించాడు. గమనించనట్టు ముఖం పెట్టాడు. ఆంజినమ్మ చనిపోయిన నా తమ్ముడి భార్య. చెరువు తూము కింద ఆమెకున్న మూడెకరాల చుట్టూ కంచె వేసి చీనీ బత్తాయి తోట పెట్టుకున్న మనిషి, ఆమె పక్కనుంచే నడిచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లు ఇవ్వబోతే చేతిలోని ప్లాస్టిక్ సీసా పైకెత్తి చూపించాడు. మాలవాడలో ఇచ్చిన నీళ్లు అతను తాగడు. ఆ మాట నోటితో అనడు, సీసా తెచ్చుకుంటాడు.

"టీచరమ్మా, చెరువు నిండింది. ఈ వారంలో నీళ్లు పొర్లి మరవ పారుతుంది," అన్నాడు. "చెరువు నిండినందుకు గంగమ్మకు జలధి పూజ ఘనంగా చేయల్ల. మా తాత కాలంలో ఎట్ల జరిగిందో అట్లనే జరగల్ల. కట్ట మీద నల్లరాయి ఫలకం పెట్టిస్తాండా. దాంట్లో మా వంశం బిరుదు, దాని అర్థం ఉండాల. నువ్వు చరిత్ర చెప్పినదానివి గదా, నాలుగు మాటలు రాసీ."

నా దగ్గర చరిత్ర చదువుకున్న పిల్లలు, ఇప్పుడు మనుమలను ఎత్తుకున్నవారితో సహా, నన్ను 'మీరు' అంటారు. ఇతను కూడా నా దగ్గరే చదివాడు.

"ఏమని రాయమంటావు?"

"రాజు అని. పాళెగారంటే రాజే గదా."

"కాదు," అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. సైన్యం విడిసిన చోటును పాళెం అంటారనీ, ఏలేవాడి కోసం ఆ పాళేన్ని నిలిపి ఉంచి, చుట్టూ ఉన్న ఊళ్లను దొంగల నుంచి కాపాడేవాడిని పాళెగారు అన్నారనీ చెప్పాను. ఆ కాపలా ఊరికే కాదు. ప్రతి ఇంటి నుంచి, ప్రతి కళ్లం నుంచి కావలి పేరిట అతనికి గింజలు వెళ్లేవి. అందుకు బదులుగా, తన కావలిలో ఎవరి గొడ్డు పోయినా, ఎవరి గాదె పగిలినా, దొంగను పట్టి సొత్తు తిరిగి ఇప్పించాలి. ఇప్పించలేకపోతే తన ఇంటి నుంచి ఇచ్చుకోవాలి. తరువాత కుంఫిణీ వారు వచ్చి సేనలను రద్దు చేసి, పింఛన్లు ఇచ్చి పాళెగార్లను కూర్చోబెట్టారు. పని పోయింది. పేరు మాత్రం ఇళ్లలో మిగిలింది.

"అంటే వాచ్‌మన్ అంటావా మమ్మల్ని?"

"కావలివాడు అంటున్నాను. అందులో అవమానం లేదు. కావలి కాయకపోవడంలో ఉంది."

అతని ముఖం ఎర్రబడింది. నేను ఆపలేదు. బిరుదులన్నింటి చరిత్రా ఇంతేనన్నాను. రెడ్డి అనే మాట పాత శాసనాల్లో రట్టగుడి. ఊరి మంచిచెడ్డలకు పూచీ పడినవాడు. కరణం లెక్క రాసే పనివాడు. ఇక్ష్వాకుల కాలంలో మహాతలవరుడు అంటే రాజకుటుంబంతో వియ్యమందిన ప్రభువు. మన ఊరి తలారి పేరు ఆ మాట నుంచే వచ్చిందంటారు. ఆ తలారిని మీ తాత చెప్పులు విడిపించి, గడప బయట నిలబెట్టాడు. ఒకరి పేరు కిందికి జారింది, ఒకరి పేరు పైకి ఎక్కింది. ఏ పేరూ మొదట పూజకోసం పుట్టలేదు, పనికోసం పుట్టింది.

"పాఠం బాగుండాది గానీ, రాతి మీద అంత పట్టదు," అన్నాడు రాఘవేంద్ర. "సరే, అర్థం సంగతి నేను చూసుకుంటా. జలధి మాత్రం ఒక్క ముక్క కూడా తప్పకుండా పాత పద్ధతిలో నడవల్ల. పేర్లు పిలిచేది, తాంబూలం ఇచ్చేది, అన్నీ. మా పిల్లోడు సుమంత్ డ్రోను తెప్పిస్తాండాడు. నువ్వు చిన్నప్పుడు చూసినావంట గదా. దగ్గరుండి నడిపించు."

"అంతా అంటే, తాంబూలం పట్టుకుని అడిగే ప్రశ్న కూడానా?"

"ఏం ప్రశ్న?"

చెప్పాను. దాచలేదు, మెత్తబరచలేదు. పాళెగారు కావలి తాంబూలం అందుకుని, గుప్పిట మూయకముందు, జనం వైపు తిరిగి, 'నా కావలిలో పోయినదేమి?' అని అడగాలి. పోయినదేమీ లేదని జనం చెబితేనే నీరుగంటి తూము ఎత్తాలి. పోయిందని ఎవరైనా అంటే, దాన్ని చెల్లించిన తరువాతే నీళ్లు దిగాలి.

"అబ్బా! ఇది భలే ఉండాది టీచరమ్మా," అన్నాడు. కళ్లు మెరిశాయి. "నిలబడి, అట్ల చేయి చాపి, 'నా కావలిలో పోయినదేమి' అంటే... వీడియోలో ఎట్లుంటాది చూడు. ఇది ఉండాల్సిందే."

"ఎవరైనా పోయిందని అంటే?"

"ఎవరంటారు?" అన్నాడు నిజంగా ఆశ్చర్యపోయి.

వెళుతూ వసారాలో ఆగి ఆంజినమ్మతో మాట్లాడాడు. "ఏం ఆంజినమ్మా, తూము కడ్డీకి తుప్పు పట్టింటాది. నూనె పోసి పెట్టు. నీరుగంటి చేయి పడాల గదా." ఆమె వలిచిన గింజలు చాటలోకి విసిరింది తప్ప తల ఎత్తలేదు.

ఆ భూమి సంగతి చెప్పాలి. నీరుగంటి అంటే చెరువు నీళ్లను ఆయకట్టులోని ప్రతి మడికీ వంతు తప్పకుండా పంచేవాడు. మా నాయన నీరుగంటి. ఆయన తరువాత నా తమ్ముడు నాగప్ప. నన్ను సిస్టర్లు తీసుకువెళ్లి కాన్వెంటు హాస్టల్లో చదివించారు. వాడు పార పట్టుకుని కట్ట మీద మిగిలాడు. ఆ పనికి ఊరు ఏనాడో ఇచ్చిన మాన్యం ఆ మూడెకరాలు. తరువాత ఏళ్లతరబడి కంబదూరు వైపు వాన కురవలేదు. చెరువులో తుమ్మలు మొలిచాయి. నాగప్ప పోయాడు. అతని కర్మకాండ ముగిసిన వెంటనే రాఘవేంద్ర మనుషులు కంచె కోసం రాతికూసాలు దించారు. ఆంజినమ్మ అడ్డం పోతే అతను ఒకే మాట అన్నాడు: "నీళ్లు లేని చెరువుకు నీరుగంటి ఏల? నీరుగంటి లేనప్పుడు మాన్యం ఏల?"

అర్జీలు పెట్టాం. సర్వేకు వస్తామన్నారు. వచ్చినవారు రాఘవేంద్ర ఇంట్లో భోంచేసి వెళ్లారు. నేను ఎక్కిన మెట్లు, కూర్చున్న బెంచీలు ఇక్కడ ఏకరువు పెట్టను. నా కోపం పాతదని చెప్పడానికి ఇంతమాత్రం చాలు.

అతను వెళ్లాక ఆంజినమ్మ చాట పక్కన పెట్టింది.

"వదినా, నువ్వు ఏం చేయబోతాండావో నాకు తెలుసు. వద్దు."

"నేనేమీ చేయను. అడిగేది వాడు. చెప్పాల్సింది నువ్వు."

"నేను నోరు తెరిస్తే వాడ మొత్తానికి కూలి నిలిపేస్తాడు. నీకు పింఛను వస్తాది. నా పక్కింటోళ్లకు రాదు గదా."

అబద్ధం చెప్పి ధైర్యం నూరిపోయడం నాకు చేతకాదు. "అయితే చెప్పకు," అన్నాను. "కానీ అందరితో కలిసి 'ఏమీ పోలేదు' అని మాత్రం అనకు. ఆ మాట నేను ఒకసారి విన్నాను. రెండోసారి వినలేను."

మరునాడు ఇమాంసాబ్ మోపెడ్ మీద వచ్చాడు. దూదేకుల ఇమాంసాబ్ మా ఊరి సన్నాయి. జలధిలో పేర్లు పిలిచే హక్కు వాళ్ల ఇంటిదే. ఒక్కొక్క పేరు పిలవడం, తాంబూలం అందగానే సన్నాయి ఎత్తడం, సన్నాయి ఆగాక తరువాతి పేరు. అతని సన్నాయి పలకనిదే ఏ ఘట్టమూ ముందుకు కదలదు.

"టీచరమ్మా, రాఘవేంద్ర సామి తన పేరుకు ముందు 'రాజా' అని పిలవమంటాడు. పిలిచేదా?"

"మీ నాయన అలా పిలిచాడా?"

"లేదు. ఉత్త పాళెగారు అనేవాడు. నేను అదే చెప్పినా. 'సామీ, నా పేరులోనే సాబ్ ఉండాది, సాహెబంటే దొర అంట, అయినా నన్నెవరన్నా కుర్చీ వేసి కూకోబెట్టినారా' అని." తనే పకపకా నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. "ప్రశ్న కూడా అడుగుతాడంటనే. మా నాయన చెప్పేవాడు, ఎన్ని జలధులు జరిగినా జనం ఒకే మాట అంటారంట. ఏమీ పోలేదు దొరా అని. అది పాటలో పల్లవి మాదిరి అయిపోయింది."

"ఈసారి పల్లవి పలకకపోతే నువ్వేం చేస్తావు?"

ఇమాంసాబ్ సన్నాయి సంచిని ఒడిలోకి తీసుకున్నాడు. "బదులు రాకుండా సన్నాయి ఎత్తితే గంగమ్మకు తప్పు. అది నేను చేయను. అంతకుమించి నన్నేం అడగొద్దు, నాకు పెళ్లిళ్ల సీజను ఉండాది."

పల్లవి అని అతను అన్న మాటను నేను చిన్నతనంలో విన్నాను. హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన ఏడాది అది. రాఘవేంద్ర తాత తలపాగా చుట్టుకుని ఇదే తూము దగ్గర నిలబడి ప్రశ్న అడిగాడు. ఆ ముందు ఎండాకాలంలో అతని మనుషులు మా ఇంటి ముందు కట్టేసిన పాడి ఆవును విప్పుకుని పోయారు. వెట్టికి రాలేదని శిక్ష. ఆ ఆవు పాలే పసిదైన నా చెల్లెలికి ఆహారం. జనమంతా 'ఏమీ పోలేదు దొరా' అన్నారు. మా నాయన తూము కడ్డీ పట్టుకుని, అందరికంటే గట్టిగా అన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన గొంతు వణకలేదు. వణికి ఉంటే నేను ఇంతకాలం ఇంత కోపంతో బతికేదాన్ని కాను.

జలధి రోజు వచ్చింది. కట్ట పొడవునా మనుషులే. పొరుగూళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. ఎర్రటి నీళ్లు తూము మెడ దాకా నిలిచి ఉన్నాయి. అవతల మరవ మీదుగా పలుచటి పొర జారుతోంది. తూము దిగువన ఆయకట్టు రైతులు మడులు దున్ని, గట్లు వేసి ఎదురుచూస్తున్నారు. వారి మడులకూ తూముకూ మధ్య రాఘవేంద్ర కంచె, అందులో నడుము ఎత్తు చీనీ మొక్కలు. కట్ట మీద నుంచి చూస్తే ఆ కంచె ప్రతి కూసమూ కనిపిస్తుంది. షామియానా కింద పెద్దలు కూర్చున్నారు. నల్లరాయి ఫలకానికి పట్టుగుడ్డ కప్పారు. పైన సుమంత్ డ్రోను కందిరీగలా మోగుతోంది.

గంగమ్మకు పసుపు కుంకుమలు, చీర, గాజులు నీళ్లలో వదిలారు. ఇమాంసాబ్ పిలవడం మొదలుపెట్టాడు. రెడ్డి వచ్చాడు, తాంబూలం తీసుకున్నాడు, సన్నాయి పలికింది. కరణం వంశస్థుడు కళ్యాణదుర్గం నుంచి కారులో వచ్చి తీసుకున్నాడు. తలారి ముసలివాడు చెప్పులు విడవబోతే నేను, "ఉండనీ" అన్నాను. విడిచేవాడే; నా ముఖం చూసి ఆగిపోయాడు. "నీరుగంటీ!" అని పిలిచినప్పుడు ఆంజినమ్మ ముందుకు వచ్చింది. ఆమె తాంబూలం మాత్రం దూరం నుంచి చేతిలో పడేశారు. ఒక వక్క జారి కట్ట మీద దొర్లింది. ఎవరూ తీయలేదు. ఆంజినమ్మ కూడా తీయలేదు. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోవడం నేను చూశాను.

"పాళెగారూ!"

రాఘవేంద్ర జరీ తలపాగాతో లేచాడు. నడుముకు తాత కత్తి. తాంబూలం అందుకుని, జనం వైపు తిరిగి, చేయి చాపి, సాధన చేసి వచ్చిన గొంతుతో అన్నాడు:

"నా కావలిలో పోయినదేమి?"

ముందు వరుసలో ఉన్నవాళ్లు అప్పుడే అందుకున్నారు. "ఏమీ పోలే..."

"పోయింది," అంది ఆంజినమ్మ.

గట్టిగా అనలేదు. మైకు రాఘవేంద్ర చేతికి దగ్గరగా ఉంది, ఆమె తూము బండ మీద అతనికి నాలుగు మూరల దూరంలో ఉంది. ఆ మాట కట్ట చివరి దాకా వెళ్లింది.

"నా మూడెకరాల మాన్యం పోయింది. నువ్వే కావలి ఉన్నావంట గదా సామీ. పట్టి ఇప్పించు."

కట్ట మీద ఒక చివర నుంచి నవ్వు వినిపించి సగంలో ఆగిపోయింది. రాఘవేంద్ర చిరునవ్వు చెదరకుండా పళ్ల మధ్య నుంచి, "ఆంజినమ్మా, పండగ పూట ఇదేంది? తర్వాత మాట్లాడదాం, కడ్డీ ఎత్తు," అన్నాడు. తరువాత ఇమాంసాబ్ వైపు తిరిగాడు. "ఊదు."

ఇమాంసాబ్ సన్నాయిని సంచిలో పెట్టి తాడు బిగించాడు. "బదులు రాల్యా సామీ," అన్నాడు.

"ఇది నాటకమప్పా!" అన్నాడు రాఘవేంద్ర, మైకు సంగతి మరిచిపోయి. "పాత కాలం నాటకం. ఇప్పుడు కోర్టులుండాయి, ఆఫీసులుండాయి. భూమి కావల్లంటే ఆడికి పో."

"ఆడికీ పోయినాము," అంది ఆంజినమ్మ. "నీళ్లు లేని చెరువుకు నీరుగంటి ఏల అన్నావు. ఇదో నీళ్లు. ఇదో నీరుగంటి. మాన్యం యాడ?"

బయ్యన్న అనే ఆయకట్టు రైతు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు. మొలకెత్తిన నారుమడి ఎండుతుంటే ఎవరైనా చేసే పనే చేయబోయాడు. "మీ గొడవలు మీరు పడండి. మాకు నీళ్లు కావల్ల. లే ఆంజినమ్మా, కడ్డీ నేను ఎత్తుతా."

ఆంజినమ్మ తూము బండ మీద కాళ్లు చాపుకుని, కడ్డీని రెండు చేతులా చుట్టుకుని కూర్చుంది.

"లెయ్యను. ముట్టుకో బయ్యన్నా. ముట్టుకోని లేపు."

బయ్యన్న చేయి చాచి, అక్కడే నిలిపాడు. అతని వెనుక ఉన్నవాళ్లలోనూ ఎవరూ ముందుకు రాలేదు. కొత్త బట్టలు కట్టుకున్నారు, గంగమ్మ పూజలో ఉన్నారు. మా బావిని వేరు చేసి, మా గ్లాసును వేరు చేసి, ఆమె తాంబూలాన్ని జానెడు ఎత్తు నుంచి పడేసిన అంటు, ఆ ఒక్క పూట ఆమె చుట్టూ గోడలా నిలబడింది. దాన్ని చూసి నాకు సంతోషం కలగలేదు. నా ఒళ్లు మండింది.

"ఏం, చేయి ఆడదేం?" అన్నాను రాఘవేంద్ర వైపు తిరిగి. "తోటలో ఆమె భూమిని తొక్కడానికి కాళ్లకు మైల లేదు. ఆమెను లేపడానికి చేతులకు వచ్చిందా?"

రాఘవేంద్ర ఇక చిరునవ్వు ముసుగు వేసుకోలేదు. "టీచరమ్మా, ఇదంతా నీ పనే. బాగా వినండి అందరూ. రేపట్నుంచి మాలవాడలో ఒక్కరికి కూడా ఈ ఊళ్లో కూలి లేదు."

ఆంజినమ్మ భయపడిన మాట అదే. అయితే దాని వెంట వచ్చినది మేమిద్దరమూ ఊహించనిది. వాడ ఆడవాళ్ల గుంపులోంచి ఒక ముసలామె, మా ఊరి నాట్ల ముఠాకు పెద్ద, నడుము మీద చేయి పెట్టుకుని అరిచింది.

"అట్లనా సామీ? మంచిది. ఇన్నేండ్లకు చెరువు నిండింది, వరి నాటల్ల. మీ ఇంటి ఆడోళ్లు నాటుతారా? పట్టుచీరలు కుచ్చిళ్లు ఎగ్గట్టుకోని రమ్మను, నేను పాట ఎత్తుకుంటా."

వాడ అంతా గొల్లున నవ్వింది. రైతులు నవ్వలేదు. నీళ్లున్నా చేతులు లేకపోతే నారు మడిలోనే ముదిరిపోతుందని వారికి తెలుసు. బయ్యన్న చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని రాఘవేంద్ర వైపు తిరిగాడు.

"ఏమప్పా రాఘవేంద్రా, నువ్వు కూలి నిలిపేది నీ తోటకు. మా మడులకు నిలిపేదానికి నువ్వెవరు?"

"అది గాదు బయ్యన్నా..."

"ఏది గాదు? అడిగింది నువ్వే గదా, ఏం పోయింది అని. ఆయమ్మ చెప్పింది. కంచె తీయించు. నీళ్లు పోనీ."

"తీయించు," అని వెనుక నుంచి మరో గొంతు. "తీయించు సామీ, ఎండ ఎక్కుతాంది." అది న్యాయం కోసం పలికిన గొంతు కాదని నాకు తెలుసు. నీళ్ల కోసం పలికిన గొంతు. ఇన్నేళ్లు ఆ కంచె పక్కనుంచే వాళ్లు తమ చేలకు నడిచారు. ఒక్కరైనా ఇది తప్పు అనలేదు. తమ మడి ఎండేదాకా పక్కవాడి భూమి కనిపించని కళ్లను నేను క్షమించను. అయినా ఆ రోజు ఆ గొంతులు మాకు కావాలి. వాడుకున్నాను.

షామియానా కింద పెద్దలు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. ఫోన్లన్నీ రాఘవేంద్ర మీద ఉన్నాయి. సుమంత్ కంగారుగా డ్రోను దింపేశాడు. రాఘవేంద్ర అరచేతిలో తమలపాకులు నలిగిపోతున్నాయి. అతను ఆ తాంబూలాన్ని పళ్లెంలో పెట్టేయబోయాడు.

"పెట్టు," అన్నాను. "పెట్టొచ్చు. ఎవరూ బలవంతం చేయరు. కానీ కావలి తాంబూలం కింద పెట్టినవాడికి ఆ పేరు లేదు. అదీ పాత పద్ధతే. ఒక్క ముక్క తప్పకూడదని నువ్వే అన్నావు. అప్పుడు ఆ ఫలకం మీది గుడ్డ తీయకుండానే రాయి ఇంటికి తీసుకుపోవాలి. ఊరంతా నిన్ను రాఘవేంద్రా అంటుంది, నేను బడిలో పిలిచినట్టు."

అతను నన్ను చూసిన చూపులో ఉన్నది ద్వేషమే. అయినా చేయి పళ్లెం మీద ఆగిపోయింది. భూమి మీద ఆశ ఒకవైపు, పేరు మీద ఆశ ఒకవైపు లాగుతుంటే ఆ మనిషి జరీ తలపాగాతో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఆ పేరు కోసం అతను ఒక్క రాత్రైనా ఊరికి కాపలా కాయలేదు. అయినా అది లేకుండా తను ఎవరో అతనికి తెలియదు.

చివరికి గుప్పిట మూశాడు.

"సరే. కంచె తీయిస్తా. చెప్పినా గదా. ఇంగ ఎత్తు."

"చెప్తే గాదు సామీ, పీకితే," అంది ఆంజినమ్మ. "నేను ఈడనే కూకోని చూస్తా."

అతని మనుషులే గడ్డపారలు పట్టుకుని కట్ట దిగారు. మొదటి రాతికూసం ఊగి, నేల కూలినప్పుడు లేచిన ధూళి కట్ట మీదకు వచ్చింది. వాడ ఆడవాళ్లు ఆగలేదు. వాళ్లూ దిగి తీగ చుట్టడం మొదలుపెట్టారు. కొంతసేపటికి బయ్యన్న కూడా పంచె ఎగ్గట్టి ఒక కూసాన్ని భుజానికెత్తాడు. అంతసేపూ రాఘవేంద్ర ఎండలో, మూసిన గుప్పిటతో, నిలబడే ఉన్నాడు. తాంబూలం పట్టినవాడు తూము ఎత్తేదాకా కూర్చోకూడదు. ఆ నియమం అతనికి ముందే చెప్పాను. అది కూడా వీడియోలో బాగుంటుందనే అన్నాడు.

చివరి కూసం పడ్డాక, అతను జనం వైపు తిరిగి మళ్లీ అడగాల్సి వచ్చింది. ఈసారి గొంతులో సాధన లేదు.

"నా కావలిలో పోయినదేమి?"

జనం ఆంజినమ్మ వైపు చూశారు. ఆమె తొందరపడలేదు. కట్ట మీద దొర్లి, దుమ్ములో పడి ఉన్న వక్కను చూపించింది.

"అదీ నాదే."

రాఘవేంద్ర వంగాడు. వక్క తీసి, దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టాడు. పడేయలేదు. అతని వేళ్లు ఆమె అరచేతికి తగిలాయి.

"ఇంగేమీ లేదు," అంది ఆంజినమ్మ.

ఇమాంసాబ్ సన్నాయి ఎత్తాడు. ఆమె కడ్డీ ఎత్తింది. ఎర్రటి నీళ్లు తూములోంచి దూకి, కూసాలు పీకిన గుంతలను నింపుకుంటూ ఆయకట్టు మీదికి పరిగెత్తాయి.

ఇక్కడితో ఆగితే నేనూ అబద్ధం చెప్పినట్టే అవుతుంది. మరునాటికి ఊళ్లో ఏమని చెప్పుకున్నారో తెలుసా? "పాళెగారు పెద్దమనసుతో ఆంజినమ్మకు భూమి ఇచ్చినాడు." కట్ట మీద ఉండి కళ్లారా చూసినవాళ్లే అలా అన్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి, అది అతను ఇచ్చినది కాదు, అతను తీసుకున్నది అని చెప్పాను. కొందరు తల ఊపారు. కొందరు, "పోనీలే టీచరమ్మా, పని అయింది గదా," అన్నారు. పని కాలేదు. పట్టా కోసం మళ్లీ అవే మెట్లు ఎక్కుతున్నాం. ఈసారి బయ్యన్న సాక్షిగా వస్తున్నాడు. వచ్చే పంటకారులో తన నీళ్ల వంతు మీద అతనికి బెంగ ఉంది. ఉండనీ. నల్లరాయి ఫలకం మీద 'రాజా' అని చెక్కారు. దాని కింద అర్థం కోసం వదిలిన చోటు ఖాళీగా ఉంది. నేను రాసిచ్చాను: 'ఊరి సొత్తుకు కావలి ఉండి, పోయినదానికి తాను బదులిచ్చేవాడు.' చెక్కలేదు. చెక్కేదాకా అడుగుతాను.

చీనీ మొక్కల కోసం రాఘవేంద్ర మనిషి వస్తే ఆంజినమ్మ, "వానివి వాన్ని పెరుక్కోని పోమను, నేను వరి నాటల్ల," అంది. పెరుక్కుని పోయారు.

రాఘవేంద్రకు మిగిలిన సొంత తోట ఆయకట్టు చివరన ఉంది. అతని వంతు వచ్చిన సాయంకాలం ఆంజినమ్మ పార భుజాన వేసుకుని కాలువ వెంట బయలుదేరింది. నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. వంతు తగ్గిస్తుందేమో చూశాను. తగ్గించాలని నాకు ఉంది, దాచుకోను. ఆమె మడవ తీసి, అతని కాలువలోకి నీళ్లు తిప్పి, గట్టు మీద కూర్చుంది.

"పూర్తిగా ఇస్తున్నావా వానికి?" అన్నాను.

"ఇయ్యకపోతే ఎట్ల వదినా," అంది ఆంజినమ్మ. కొంగు ముడి విప్పి, ఆ వక్క తీసి బుగ్గన పెట్టుకుంది. "మల్లీ జలధికి కట్టమీద నిలబడి, నా నీళ్లు పోయినాయి అంటాడు. వాని నోటి నుంచి ఆ మాట నేను ఇనను."